ముందు వైపు

ఫిబ్రవరి 11, బుధవారం

ఆరు పావులు.

బండి పూర్తిగా ఒకసారి దొర్లితే నాలుగు పావులు. మేము పల్టీలు లెక్కపెట్టం, పావులే లెక్కపెడతాం. ఆరు పావులంటే ఒకటిన్నర పల్టీ, చక్రాలు ఆకాశానికి. మలుపు లేని రోడ్డు, మంచి ఎండ, పొడి తారు, గంటకి ఎనభై రెండు. దొర్లింది స్టీరింగ్ వైపుకి. అంటే అది ముందు వైపు. ఎప్పటిలాగే వెనక వైపు కప్పు కూలింది.

ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఇదే. బోల్తాపడిన బండిని చూసి అది ఎలా పడిందో, ఎందుకు పడిందో పోలీసులకీ కోర్టులకీ రాసివ్వడం. ఈ ఒక్క బండి గురించి మాత్రం నోరు మూసుకోమన్నారు. సొంతవాళ్ళ బండిని ముట్టుకోకూడదని రూలు. ఆ రూలు రాసిన మహానుభావుణ్ణి నేనే. అందుకని ఈ నోట్‌బుక్కు కొన్నాను. ఇది ఎవరికీ ఇచ్చే రిపోర్టు కాదు.

బండి నడిపింది చెల్లి. పక్క సీట్లో పిట్ట. చెల్లి సీటు వెనకాల బావ. ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తున్నారు.

పిట్ట పోయింది. చెల్లి కూతురు. ఏడేళ్ళు. ఈ ముక్క రాయడానికి ఇన్ని లైన్లు చుట్టూ తిరిగాను.

ఫిబ్రవరి 12

బండి పెట్టిన షెడ్డు తాళం నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు. కేసు టేపమ్మకి ఇచ్చారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, స్టీలు టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. పన్నెండేళ్ళ క్రితం పని నేర్పింది నేనే. ఎదురుపడితే తల దించుకుని, "సార్, నేను అన్నీ రెండుసార్లు కొలుస్తాను" అంది. మూడుసార్లు కొలవమన్నాను.

ఫిబ్రవరి 13

ఆసుపత్రి. చెల్లికి కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. పక్కటెముకలు నాలుగు. తల వెనక అరచెయ్యంత మేర జుట్టు లేదు, ఎర్రగా పచ్చి మాంసం. గాజు తగిలిందన్నాడు డాక్టరు. సరేనన్నాను.

అమ్మ మంచం పక్కనుంచి కదల్లేదు. నన్ను చూసి ఆ ఖాళీ వైపు వేలు పెట్టింది.

"ఇది గాజు చేసే పనేనా? నువ్వు చూసి చెప్పు. నీ పని అదేగా."

"డాక్టరు చెప్పాడు కదమ్మా."

"డాక్టరుని కాదు, నిన్నడిగా."

చెల్లి కళ్ళు తెరిచింది. నావైపు చూసి, "నువ్వే కదా చెప్పావన్నయ్యా" అంది.

"ఏం చెప్పానమ్మా?"

"ముందుంటే బతుకుతారని."

"నేనెప్పుడన్నాను అలాగ? పిల్లలు వెనకే కూర్చోవాలని కదా ఎప్పుడూ చెప్తాను."

అది నా మొహంలోకి చూసింది. తర్వాత గోడవైపు తిరిగింది. పక్కటెముకలు విరిగిన మనిషి అలా తిరగడానికి ఎంత నొప్పి ఓర్చుకోవాలో నాకు తెలుసు.

నేనలా అనలేదు. ముందు సీటు మంచిదని ఈ ఉద్యోగంలో ఉన్నవాడెవడూ అనడు. స్కూళ్ళకి వెళ్ళి మరీ చెప్పొచ్చాను, పిల్లలు వెనక సీట్లో, బెల్టు టక్‌మనేదాకా నొక్కాలి అని. మందుల మత్తులో ఏదో అంది. అంతే.

ఫిబ్రవరి 14

నేనలా అనలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

వారమైంది. బావ ఉన్న వార్డుకి వెళ్ళాను. విరిగింది మెడ ఎముక అయినా బాగుండేది. భుజం దగ్గర ఎముకట, చిన్న చీలికట. దిండుకి ఆనుకుని నారింజ తొనలు తింటున్నాడు.

"బావగారూ, నాకేం తెలీదు. వెనక సీట్లో పడుకుని నిద్రపోతున్నాను. లేచేసరికి లోకం తలకిందులైంది. మీ చెల్లెలికి ఈ మధ్య బుర్ర సరిగ్గా లేదు. ముగ్గురం చావాలనే తిప్పింది. ఎప్పుడూ నా పక్కన కూర్చునే పిల్లని ఆ రోజు తెచ్చి ముందు ఎందుకు కూర్చోబెట్టింది? అడగండి."

తొన నోట్లో పెట్టుకున్నాడు. వాడి దవడకి కుడినుంచి తగిలితే ఎన్ని ముక్కలవుతుందో, ఎడమనుంచి అయితే ఎన్నో, ఎంత వేగం కావాలో అంతా లెక్క కట్టేశాను. నర్సు రాకపోతే లెక్క సరిచూసుకునేవాణ్ణి.

అక్కణ్ణుంచి ఆఫీసు వెనక తుక్కు బళ్ళ దొడ్డికి వెళ్ళాను. సెలవు, ఎవరూ లేరు. ఇనప కడ్డీ తీసుకుని ఒక పాత వ్యాను తలుపుని కొట్టాను. అద్దం పోయింది, రేకు పోయింది, గొళ్ళెం ఊడి నా మోకాలికి తగిలింది. కడ్డీ వంగేదాకా కొట్టాను. తలుపు మీద పడ్డ ప్రతి దెబ్బా వాడి మొహం మీద పడినట్టే చూసుకున్నాను. సంతోషమేసింది. ఇది రాయడానికి సిగ్గుపడటం లేదు.

పోయినేడాది చెల్లి దవడ కింద నల్లగా కమిలి ఉంది. ఏమైందంటే బీరువా తలుపంది. తలుపు తగిలితే గీతలా కమలాలి. అవి నాలుగు గుండ్రటి మచ్చలు, పక్కపక్కన. బండి సొట్ట చూసి గుద్దిన బండి ఏదో, ఏ రంగుదో చెప్పేవాణ్ణి. "జాగ్రత్తమ్మా" అన్నాను. బీరువా తలుపుతో జాగ్రత్తట.

ఫిబ్రవరి 16

ఇన్‌స్పెక్టర్ మా ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విప్పాడు. చిన్న పుస్తకం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పిల్లని వెనక సీట్లోనే కూర్చోబెట్టాలని రూలుంది కదండీ. ముందు ఎందుకు కూర్చుందీ అంటే మీ చెల్లెలు గారు ఒకటే మాట. ముందుంటే బతుకుతారని అన్నయ్య చెప్పాడు, అని. చెప్పారా?"

"లేదు."

"ఎప్పుడైనా, మాటవరసకి?"

"లేదండీ. నా పనే అది. అంత తెలివితక్కువ మాట ఎలా అంటాను?"

ఒళ్ళు మండింది. పాఠం చెప్పినట్టు చెప్పాను: "బండి దొర్లేటప్పుడు ముందు వైపున్నవాళ్ళకి దెబ్బ తక్కువ. వెనక వైపున్నవాళ్ళ మీదే కప్పు కూలుతుంది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు చెప్పేది ఇదే. ఇందులో సీట్ల గొడవెక్కడుంది?"

రాస్తూ రాస్తూ ఆగి నావైపు అదోలా చూశాడు.

"సరే సార్. మీరన్నది అన్నట్టే రాస్తాను. శుక్రవారం వచ్చి సంతకం పెట్టండి." చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "ఆయన నిద్రపోతున్నానంటాడు, ఈవిడ జుట్టు పట్టి గుంజాడంటుంది. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? మీ పేరు చెప్పి ఒక అబద్ధమాడితే మిగతావీ అలాంటివే అంటాడు వాళ్ళ లాయరు."

జుట్టు పట్టి గుంజాడు.

గాజు కోస్తుంది. పీకదు. ఈ సంగతి నాకు తెలీదా? అమ్మకి తెలిసింది.

ఫిబ్రవరి 17

టేపమ్మ టీ తాగడానికని నా గదికి వచ్చి, ఒక కాగితం బల్లమీద మరిచిపోయి వెళ్ళింది. ఏదీ మరిచిపోయే మనిషి కాదు. బండిలో దొరికిన వస్తువుల జాబితా.

పెద్ద సంచులు రెండు, వెనక సీటు కింద. ఆడవాళ్ళ బట్టలు, పిల్ల బట్టలు, స్కూలు యూనిఫాం మూడు జతలు, చెల్లి డిగ్రీ సర్టిఫికెట్లు. టీకాల కార్డు. పిల్ల స్కూలు సంచి, అందులో పుస్తకాలు, రంగు పెన్సిళ్ళు, ఖాళీ అగ్గిపెట్టె ఒకటి.

భోజనానికి వచ్చేవాళ్ళు టీకాల కార్డు తెచ్చుకోరు.

"ఆదివారం వస్తామన్నయ్యా" అని చెల్లి ముందే ఫోన్ చేసింది. "రండి, తినేసి సాయంత్రం వెళ్దురుగాని" అన్నాను. ఒక్క క్షణం ఆగింది. "సరే" అంది.

పిల్ల సంచిలో అగ్గిపెట్టె ఎందుకో.

ఫిబ్రవరి 18

ఇవాళ పరీక్షకి దొర్లించారు.

అదే రకం బండి, అదే రంగు కూడా దొరికింది. రంగు మార్చమని చెప్పే హక్కు నాకు లేదు. ట్రాలీ మీద అడ్డంగా నిలబెట్టి, ఎనభై రెండు వేగంతో లాక్కెళ్ళి ఒక్కసారిగా ఆపేస్తారు. ట్రాలీ ఆగుతుంది, బండి ఆగదు. నేను కంచె బయట నిలబడ్డాను. కంచె బయట నిలబడకూడదని రూల్లో లేదు, అది రాయడం మరిచిపోయాను.

స్టీరింగ్ దగ్గర ఒక బొమ్మ. వెనక సీట్లో గుండుని పడుకోబెట్టారు. గుండు మా పెద్ద బొమ్మ, డెబ్భై ఐదు కిలోలు, పదేళ్ళలో వంద సార్లు చచ్చాడు, టీ వేళకి వాడి బట్టతల మీద గ్లాసులు పెట్టుకుంటాం. ముందు, పక్క సీట్లో, చిన్న బొమ్మ. చిన్న బొమ్మకి మేమెవ్వరం ఎప్పుడూ పేరు పెట్టలేదు.

ట్రాలీ ఆగింది. బండి లేచింది.

ఒకటి. స్టీరింగ్ వైపు నేలని గుద్దింది. అద్దాలన్నీ ఒక్కసారే పేలాయి. రెండు. కప్పు మీద పడింది, పక్క సీటు వైపు మూల నేలలోకి దిగబడి రేకు కేక పెట్టింది. మూడు. గుండు వెనక కిటికీలోంచి సగం బయటికొచ్చాడు. నాలుగు. మొత్తం బయటపడ్డాడు, బండి వాడి ఛాతీ మీదనుంచి వెళ్ళింది, మెడ వెనక్కి తిరిగిపోయింది. ఐదు. పైకి లెక్కపెడుతున్నానని అప్పటిదాకా నాకు తెలీదు. ఆరు అనలేకపోయాను. బండి తలకిందులుగా పడి ఊగింది, ఒక చక్రం చాలాసేపు తిరిగింది.

టేపమ్మ పరిగెత్తి, టేపు తీసి, ముందు చిన్న బొమ్మ దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుంది. కొలిచింది. మళ్ళీ కొలిచింది. మూడోసారి కొలిచేటప్పుడు కళ్ళు తుడుచుకుంది. 

ఫిబ్రవరి 19

టేపమ్మ ఈసారి కాగితం మరిచిపోలేదు. తలుపేసి ఎదురుగా కూర్చుంది.

"సార్, ఇది మీకు చెప్పకూడదు. చెప్తున్నా. పడుకున్నవాడు బండిలో ఉండడు, నిన్న చూశారుగా. మీ బావగారు పడుకోలేదు. చెల్లెమ్మ సీటుని రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు, అందుకే బతికాడు. సీటు వీపున మోకాళ్ళ సొట్టలు రెండున్నాయి. తల ఆనించే దిండు ఊచలు వెనక్కి వంగున్నాయి. దొర్లితే అటు వంగవు. ఊచల మధ్య జుట్టుంది, కుదుళ్ళతో సహా."

"పెట్టె ఏమంది?" బండిలో ఆఖరి ఐదు సెకన్లు గుర్తుపెట్టుకునే పెట్టె ఒకటుంటుంది.

"దొర్లే ముందు కాలు ఏ పెడల్ మీదా లేదు. బ్రేకూ లేదు, యాక్సిలరేటరూ లేదు. స్టీరింగ్ ఒకే గుంజు, పక్క సీటు వైపుకి."

వెనకనుంచి జుట్టు పట్టి గుంజితే కాళ్ళు లేస్తాయి. చేతులు దొరికినదాన్ని పట్టుకుంటాయి. దొరికింది స్టీరింగ్. బండి అటు తిరిగి, అడ్డం పడి, ఇటు దొర్లింది.

"ఇంకొకటి, సార్." టేపు లాగి వదిలి, మళ్ళీ లాగి వదిలింది. "వెనక సీటు మీద కప్పు నాలుగు వేళ్ళే దిగింది. ముందు జానెడున్నర."

అంటే వెనక కూర్చుని ఉంటే పిట్టకి చెయ్యి విరిగేది. కట్టు కట్టించుకుని, దాని మీద అందరిచేతా పేర్లు రాయించుకునేది.

నేనలా అనలేదు. అన్నానా?

ఫిబ్రవరి 20, శుక్రవారం

స్టేషన్‌లో కూర్చోబెట్టి, నా వాంగ్మూలం టైపు చేసి ఇచ్చారు. సంతకం పెట్టే ముందు ప్రతి అక్షరం చదవడం నా అలవాటు. మూడో పేరాలో ఉంది.

"బండి బోల్తాపడునపుడు ముందు సీట్లో ఉన్నవారికి దెబ్బ తక్కువనియు, వెనుక సీట్లో ఉన్నవారి మీద కప్పు కూలుననియు సాక్షి తెలిపినారు."

బల్ల గుద్దాను. "ఎవరు రాశారండీ ఈ చెత్త? నేను సీటన్నానా?"

ఇన్‌స్పెక్టర్ తన చిన్న పుస్తకం తీసి, పేజీ తిప్పి, నా ముందు పెట్టాడు. "ముందువైపు దెబ్బ తక్కువ. వెనకవైపు కప్పు." నా మాటలే, అతని చేతిరాత.

"ముందు వైపంటే ముందు సీటు కాదయ్యా! దొర్లేటప్పుడు ఏ పక్క ముందు నేలకి తగులుతుందో, కుడి పక్కో ఎడమ పక్కో, అది ముందు వైపు! తర్వాత తగిలేది వెనక వైపు!"

"అది మీ ఆఫీసులో సార్." విసుగులేదు, కోపంలేదు. "మా ఇంట్లో ముందంటే ముందే. అందుకే ఆ రోజు ఆశ్చర్యమేసింది. చెప్పలేదు చెప్పలేదంటూనే చెప్తున్నారేంటా అని."

సంతకం పెట్టలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎండ కాలుస్తున్నా కదలబుద్ధి కాలేదు.

అగ్గిపెట్టె. రాయాలి ఇది.

నాలుగు నెలలైంది. మా ఇంట్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక. చెల్లి, పిట్ట, నేను. చెల్లి మెడకి కండువా చుట్టుకుని ఉంది, ఉక్కపోతలో. చూశాను. అడిగితే ఏం వినాలో అని భయమేసి, ఆఫీసు కబుర్లు మొదలుపెట్టాను. నాకు భయమేసినప్పుడల్లా ఆఫీసు గురించే మాట్లాడతాను. అగ్గిపెట్టెని బల్ల మీద దొర్లించి చూపించాను. "చూడు, ముందు వైపు వాళ్ళు బతుకుతారు. వెనక వైపు వాళ్ళు పోతారు. అంత తేలిక." పెద్ద గొప్పగా చిటికె కూడా వేశాను.

పిట్ట బల్ల మీదకి వాలి, "ముందువాళ్ళు బతుకుతారా మామయ్యా? నిజంగా?" అంది.

"నిజంగానే పిట్టా. మామయ్య అబద్ధం చెప్తాడా?"

అగ్గిపెట్టె అడిగింది. పుల్లలు తీసేసి పెట్టె ఇచ్చాను.

ఫిబ్రవరి 21

నేను అన్నాను.

ఫిబ్రవరి 23, సోమవారం

నా చేత్తో రాసిచ్చాను. "ముందు వైపు వాళ్ళు బతుకుతారని నేనే చెప్పాను. ఏ వైపో, ఏ అర్థమో చెప్పలేదు. వినేవాళ్ళు ముందు సీటనుకోవడం సహజం. నా చెల్లెలు చెప్పింది అక్షరాలా నిజం. పదహారో తేదీన నేను చెప్పింది అబద్ధం." ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివాడు. అబద్ధం అన్న మాట తీసేసి పొరపాటు అని పెట్టుకోమన్నాడు. వద్దన్నాను.

మధ్యాహ్నానికి ఆఫీసుకి తెలిసింది. రిపోర్టుల మీద నా సంతకం ఇక చెల్లదు, విచారణ అయ్యేదాకా. అయ్యాక కూడా చెల్లదని అందరికీ తెలుసు. టేపమ్మ తన రిపోర్టు మొదటి పేజీ చూపించింది. ముందు వైపు అన్నచోటల్లా కొట్టేసి, "మొదట నేలకి తగిలిన పక్క" అని రాసింది. పదిహేడు చోట్ల. ఇరవై రెండేళ్ళలో నేను ఎన్ని వందల చోట్ల రాశానో.

సాయంత్రం బావని వార్డులోంచే తీసుకెళ్ళారు. నారింజలు అలాగే ఉన్నాయి. భుజం పట్టుకున్న కానిస్టేబుల్‌తో "నొప్పి, నొప్పి" అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. చాలదు.

ఫిబ్రవరి 24

చెల్లి కూర్చుంటోంది. అమ్మ దాని తలకి కట్టు మారుస్తోంది. నేను లోపలికి వెళ్ళి నిలబడే చెప్పాను.

"నేనే చెప్పానమ్మా. నువ్వన్నది నిజం. రాసిచ్చేశాను."

అమ్మ చెయ్యి ఆగింది.  చెల్లి తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అది నా నిర్ణయం కాదన్నయ్యా" అంది. "నేను దాన్ని వెనకే కూర్చోబెట్టా. బెల్టు కూడా పెట్టా. బయల్దేరుతుంటే ఆయన పరిగెత్తుకొచ్చి వెనక ఎక్కాడు, మాట్లాడదాం పద అని. ఇది గబుక్కున బెల్టు తీసేసి, సీట్ల మధ్యలోంచి దూరి ముందుకొచ్చేసింది. వెనక్కి వెళ్ళు పిట్టా, చిన్నపిల్లలు వెనకే అన్నాను."

"ఏమంది?"

"నా చెవిలో చెప్పింది, ఆయనకి వినపడకుండా. 'ముందువాళ్ళు బతుకుతారమ్మా. మామయ్య చెప్పాడుగా. నువ్వూ ముందే, నేనూ ముందే.' అంది."

అమ్మ కట్టుగుడ్డ కిందపెట్టి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

 సిగ్గులేని నా నోరు ఆఫీసు ప్రశ్నే అడిగింది. "ముందుకొచ్చాక బెల్టు పెట్టుకుందా?"

"పెట్టుకుంది" అంది చెల్లి. "టక్‌మనేదాకా నొక్కింది. అదీ నువ్వు చెప్పిందేగా."